మా ముందు గదిలో సాబుగారి మొక్క

ఇంట్లో కుండీ మొక్క లేని సంసారం అసలు సంసారమే కాదని ఈ వారం గట్టిగా వాదించదలచుకున్నాను.

నవ్వకండి! ఇద్దరు పిల్లలు చాలని గోడగోడకీ ఎర్ర త్రికోణాలు వేయించిన ప్రభుత్వం, ఆ పక్కనే ఇంటికో కుండీ తప్పనిసరి అని ఎందుకు రాయించలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పిల్లలు పెరుగుతారు, పెరిగి ఎదురు చెబుతారు. అదీ తెలుగులో చెప్పరు. జంషెడ్‌పూర్‌లోని మా సిద్ధగోరాలో తల్లి గుమ్మంలో నిలబడి "అన్నం తిన్నావురా?" అని అరిస్తే, వీధి చివర్నుంచి "ఖా లియా!" అని హిందీలో జవాబొస్తుంది. మొక్కతో ఆ బెడద లేదు. అది ఏ భాషలోనూ జవాబివ్వదు. ఇంతకంటే బుద్ధిమంతులైన సంతానం ఎవరికి దొరుకుతుంది?

నేను చెప్పేది పెరటి మొక్కల సంగతి కాదు. ఆనపపాదు, బచ్చలితీగ, వంగమొక్క... ఇవన్నీ మనకి తిండి పెడతాయి. తిండి పెట్టేవాళ్లని మనం ఎక్కడ గౌరవించాం గనక! నేను చెప్పేది ఇంటి లోపల, నీడ పట్టున, కుండీలో కూర్చునే మొక్క గురించి. అది పువ్వు పూయదు, కాయ కాయదు. కూరకీ పనికిరాదు, పూజకీ పనికిరాదు. దానికి ఆకులుంటాయి, అంతే. అది ఉన్నచోట ఉంటుంది, దాని చుట్టూ అందరూ తిరుగుతారు. మా కార్ఖానాలో అలాంటి పదవులు కొన్ని ఉన్నాయి గనక, దాని గొప్పతనం నాకు వెంటనే బోధపడింది.

కార్ఖానా అన్నాను గనక అదీ చెప్పేస్తాను. గమ్హరియాలో ఇనుము కరిగించి పోతపోసే ఒక ఫౌండ్రీలో నేను హెడ్‌క్లర్కుని. దాని పేరు రాయను. రాశానంటే నా ఉద్యోగం ఊడుతుంది, ఉద్యోగం ఊడినవాడి వ్యంగ్యం ఎవరూ చదవరు. మా మేనేజరుగారిని అందరూ సాబు అంటారు. ఆయన భార్యని మేమ్‌సాబ్ అంటారు. వాళ్లు ఎండాకాలం రెండు నెలలు సిమ్లాలో గడపడానికి బయల్దేరుతూ, బంగళాలోని పెద్ద మొక్కని ఎవరికి అప్పగించాలా అని చాలా రోజులు ఆలోచించారట.

బంగళాకి తాళం వేస్తే మొక్కకి గాలాడదు. తోటమాలికి అప్పగిస్తే కళ్లు మూసుకుని నీళ్లు పోసి చంపుతాడు. ఎవరు నమ్మకస్తుడు? ఏళ్ల తరబడి ఆఫీసు ఫైళ్లకి చెద పట్టకుండా కాపాడిన గణపతిరావు! అంటే నేనే. ఆఫీసులో నాకు దొరికిన మొదటి గుర్తింపు అది.

మొక్క కంపెనీ జీపులో వచ్చింది. మా పెళ్లయినప్పుడు నా భార్య పద్మకుమారి రైలు దిగి టాటానగర్ స్టేషన్నుంచి రిక్షాలో వచ్చింది. జీపులో మా ఇంటికి వచ్చిన మొదటి మనిషి ఈ మొక్కే. వీధంతా గుమిగూడింది. ఒక్కో ఆకు చేటంత ఉంది. నిగనిగలాడుతోంది. అయితే ప్రతి ఆకూ అంచునుంచి నడుమదాకా చీలికలు చీలికలుగా ఉంది, మధ్యలో కన్నాలు కూడా ఉన్నాయి.

మా అమ్మ నూకాలమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఒలమ్మో! ఇదేటి నాయినా, ఆకులన్నీ సిరిగిపోనాయి! పురుగు తినీసినాదా? మంచివన్నీ ఆలకాడ ఉంచుకుని సిరిగినవి మనకిచ్చినారేటి?"

"కాదమ్మా, ఇది విదేశీ జాతి. దీని ఆకులు ఇలాగే ఉంటాయి. ఎంత చిరిగితే అంత ఖరీదు."

"అలాగయితే మొన్న నా కోక సిరిగిపోనాదని మసిగుడ్డలు సేసీసినావేల?"

నేను కుండీ దింపించే పనిలో పడ్డాను.

మేమ్‌సాబ్ జీపు వెనకాలే కారులో వచ్చి నియమాలు చెప్పారు. ఎండ నేరుగా తగలకూడదు. ఫ్యాను గాలి నేరుగా తగలకూడదు. పొగ తగలకూడదు. దుమ్ము బొత్తిగా తగలకూడదు. రోజూ పొద్దున్నే తడిగుడ్డతో ఒక్కొక్క ఆకునీ, వెన్ను నిమిరినట్టు, తుడవాలి. అన్నిటికంటే ముఖ్యం, రోజూ దానితో ప్రేమగా మాట్లాడాలి. మొక్కలకి కూడా ఫీలింగ్స్ ఉంటాయని ఆవిడ ఏదో మ్యాగజైన్‌లో చదివారట. మా ఫౌండ్రీలో మనుషులకి ఉంటాయని ఆ మ్యాగజైన్ రాసిందో లేదో నేను అడగలేదు.

ఇక్కడ మా బావమరిది ఆదిబాబు గురించి చెప్పాలి. పద్మకుమారికి ఒక్కడే తమ్ముడు. మాతోనే ఉంటాడు. మా ఫౌండ్రీలోనే పని. పోతపోసిన ఇనప సామాన్లు చల్లారాక, వాటిని ఇసుక పెట్టెల్లోంచి కొట్టి బయటికి తీసి, అంటుకున్న ఇసుకంతా రుద్ది, దులిపి, శుభ్రం చెయ్యడం అతని డ్యూటీ. ఆ షెడ్డులో నాలుగడుగుల దూరంలో ఉన్న మనిషి కనపడడు. మధ్యాహ్నం కూడా బల్బులు వెలుగుతూ ఉంటాయి, ఆ బల్బులూ కనపడవు. పోయిన చలికాలం నుంచి ఆదిబాబుకి దగ్గు పట్టుకుంది. ఫౌండ్రీకి వచ్చిపోయే డాక్టరుకి చూపిస్తే, ఆయన తల ఎత్తకుండానే "బీడీలు మానెయ్" అన్నాడు.

"మానేద్దును గానీ బావా, మానాలంటే ముందు మొదలెట్టాల గదా!" అన్నాడు ఆదిబాబు ఇంటికొచ్చి, నవ్వుతూ. అతను బీడీ ముట్టడు. నవ్వు మధ్యలోనే దగ్గొచ్చింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఫౌండ్రీ గేటు దగ్గర, లోపలికి వచ్చిపోయేవాళ్ల టోకెన్లు చూసే పని ఖాళీ అయింది. కుర్చీ ఉంటుంది. పైన రేకు కప్పు ఉంటుంది. పక్కన వేపచెట్టు కూడా ఉంది. ఇసుక లేదు. మొక్కని దించి జీపు వెళ్లిపోయాక, నేను ధైర్యం చేసి కారు దగ్గరికి వెళ్లాను. కారు దిగకుండా కూర్చున్న సాబుతో, మా ఆదిబాబుని గేటు పనిలో వేస్తే ఆ కుర్రాడి ఊపిరి నిలుస్తుందని చెప్పుకున్నాను.

"పహలే ప్లాంట్ కో ఠీక్ సే రఖో గణపతిరావ్. వాపస్ ఆకే దేఖేంగే," అన్నారు సాబు.

ముందు మొక్కని బాగా చూసుకో, తిరిగొచ్చాక చూద్దాం. ఆ ఒక్క మాటతో మా ఇంట్లో అందరికీ సంగతి తేలిపోయింది. మొక్క బతికితే ఆదిబాబు ఇసుకలోంచి బయటపడతాడు. మొక్క పోతే, అతను అందులోనే ఉంటాడు. పద్మకుమారి ఆ సాయంత్రమే పైడితల్లి అమ్మవారికి ముడుపు కట్టింది. ముడుపు మొక్క పేరుతో కట్టాలో తమ్ముడి పేరుతో కట్టాలో తెలియక, ఇద్దరి పేర్లూ చెప్పుకుంది.

ఇక మొక్కవల్ల మాకు కలిగిన లాభాలు వినండి!

మాది రెండు గదుల ఇల్లు. ఎండ పడకుండా వెలుతురు పడే చోటు ఒకటే ఉంది, ముందు గదిలో కిటికీ పక్కన. అక్కడ మంచం ఉండేది. మంచం వరండాలోకి పోయింది. మంచం కిందున్న ట్రంకు పెట్టెలు బీరువా మీదికి పోయాయి. బీరువా మీదున్న రేడియో వంటింట్లోకి పోయింది. వంటింట్లో పొయ్యి పెరట్లోకి పోయింది, ఎందుకంటే బొగ్గుల పొయ్యి పొగ మొక్కకి పడదు. ఇంట్లో ఇన్ని అనవసరమైన వస్తువులు పెట్టుకుని ఇన్నాళ్లూ ఎలా బతికామా అని నాకే సిగ్గేసింది. మంచం, రేడియో, పొయ్యి లేకుండా కూడా ఇల్లు ఇల్లుగానే ఉంటుందని తెలియాలంటే ఒక మొక్క కావలసి వచ్చింది!

ఫ్యాను ఆపేశాం. జంషెడ్‌పూర్‌లో మే నెలలో ఫ్యాను ఆపి కూర్చోవడం అంటే ఏమిటో పాఠకులకి వేరే చెప్పక్కర్లేదు. కానీ చెమట పట్టడం ఆరోగ్యమని పెద్దలు అంటారు. మేమంతా చాలా ఆరోగ్యంగా ఉన్నాం.

చుట్టాల సంగతి అంతకంటే గొప్పది. మా మేనమామ తవిటయ్య ప్రతి ఎండాకాలం ఏదైనా పని దొరుకుతుందేమోనని విజయనగరంనుంచి పక్కచుట్టతో దిగుతాడు. పని దొరకదు, ఆయనా కదలడు. ఈసారి ముందు గదిలోకి అడుగుపెట్టి పక్క పరచబోతే మా అమ్మ అడ్డుపడింది.

"అక్కడ సాబుగారి సెట్టుంది, నువ్వు వరండాలో తొంగో తమ్ముడా."

"వరండాలో మంచమ్మీద ఆదిబాబున్నాడు గదా?"

"అయితే పెరట్లో."

"పెరట్లో పొయ్యున్నాది!"

తవిటయ్య మామ ఆ మర్నాడే పూరీ వెళ్లే బండెక్కాడు. జగన్నాథుడి దగ్గర చోటుంటుందని ఆయన నమ్మకం. ఏ సంతానమైనా ఇంత తొందరగా చుట్టాన్ని పంపించగలదా?

మా అమ్మకి చుట్ట అలవాటు. మా వైపు ఆడవాళ్లు చాలామంది చుట్టని వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని తాగుతారు. దాన్ని అడ్డపొగ అంటారు. పొగ తగలకూడదని మేమ్‌సాబ్ చెప్పిందమ్మా, బయటికెళ్లు అన్నాను.

"నిప్పు నా నోట్లో ఉన్నాది. పొగ నా కడుపులోకెల్తన్నాది. నీ సెట్టుకేటొచ్చినాది?"

వాదనలో బలముంది. కానీ మాట్లాడుతున్నంతసేపూ పొగ బయటికే వస్తోంది. చివరికి ఆదిబాబు పేరు చెప్పాను. అమ్మ చుట్ట చల్లార్చి చెంగున ముడివేసుకుంది. ఆ రెండు నెలలూ ఆవిడ పెరట్లో పొయ్యి పక్కన కూర్చునే తాగింది. ఎండలో, నెత్తిన చెంగేసుకుని తాగింది.

ప్రేమగా మాట్లాడే నియమం దగ్గర అసలు చిక్కొచ్చింది. ఏ భాషలో మాట్లాడాలి? మొక్క ఏదో దూరదేశపు అడవుల్లో పుట్టిందట, బంగళాలో ఇంగ్లీషు విని పెరిగింది. నేను ఆఫీసు ఇంగ్లీషులో "విత్ రిఫరెన్స్ టు యువర్ గుడ్ సెల్ఫ్" అని మొదలుపెడితే ఆ తర్వాత ఏమనాలో తోచలేదు. పద్మకుమారికి సిగ్గు. మా అమ్మ మాత్రం మొదటి రోజునుంచే మనవరాలితో మాట్లాడినట్టు మాట్లాడింది. "ఏటే, నిద్దరోయినావా? నీల్లు తాగినావా? ఏటలాగ తలొంచీసినావు?" అనేది. మొక్కకి ఉత్తరాంధ్ర తెలుగు బాగా పడింది. పదిరోజులు తిరిగేసరికి కొత్త ఆకు మొలక వచ్చింది.

అయితే ఆ ఆకుతో మాకు భయం కూడా పెరిగింది. ఇంత మంచి మొక్కని ఎవరో ఒకరు ఎప్పుడూ కనిపెట్టుకుని ఉండకపోతే ఎలా? పక్కింటి పోలరాజు పెద్ద కార్ఖానాలో షిఫ్టు ఇన్‌చార్జి. ఆయన ప్రపంచంలో ప్రతి సమస్యకీ షిఫ్టులే మందు.

"రోజంతా నడిసీది ఏదైనా షిఫ్టుల్లోనే నడవాల గణపతిరావుగారూ. పొద్దున్న ఏ షిఫ్టు మీ అమ్మగారు, మద్దేనం బీ షిఫ్టు మా సెల్లెమ్మ, రాత్రి సీ షిఫ్టు మీరు. భోంపూ మోగగానే చార్జి ఒప్పజెప్పడమే!"

భోంపూ అంటే కార్ఖానా సైరను. ఈ ఊళ్లో భోంపూ మోగితే అన్నం తింటాం, భోంపూ మోగితే లేస్తాం. మొక్క మాత్రం దానికి అతీతమా? ఆ రోజునుంచే షిఫ్టులు మొదలుపెట్టాం. నీళ్లు పొయ్యడం, ఆకులు తుడవడం, ప్రేమగా మాట్లాడడం, ఇవన్నీ ఎవరి షిఫ్టులో వాళ్లు చెయ్యాలి.

ఈ ఊళ్లో ఏ షెడ్డులోనైనా షిఫ్టులో పనిచేసినవాడికి ఒక ధర్మం తెలుసు. పాత షిఫ్టువాడు పని చేసే ఉండడు. చేశానని చెప్పినా చేసి ఉండడు. ఆ ధర్మాన్ని మా ఇంట్లో అక్షరాలా పాటించారు. కోడలు నీళ్లు పోశానంటుంది గానీ పోసి ఉంటుందా అని అమ్మ తెల్లారగానే ఓ చెంబు పోసేది. అత్తగారికి మతిమరుపు కదా అని పద్మకుమారి మధ్యాహ్నం ఓ చెంబు పోసేది. అత్తాకోడళ్లిద్దరూ ఒకరిమీద ఒకరు వేసుకుని అసలు పోసి ఉండరని నేను ఆఫీసునుంచి రాగానే ఓ చెంబు పోసేవాణ్ణి. తోటమాలి చేస్తాడని మేమ్‌సాబ్ భయపడ్డ పనిని మేం ముగ్గురం షిఫ్టులవారీగా పూర్తి చేశాం.

ఒక ఉదయం కుండీలోంచి కుళ్లు వాసన వచ్చింది. కింద ఆకులు రెండు పసుపచ్చగా తిరిగాయి.

వెంటనే ఎంక్వయిరీ మొదలైంది. "నాను చార్జి తీసుకున్నప్పుడే పసుపుగా ఉన్నాది," అంది అమ్మ. "నా షిఫ్టు దిగేటప్పుడు పచ్చగానే ఉంది, రాత్రే ఏదో అయింది," అంది పద్మకుమారి. నాకంటే ముందు షిఫ్టు పద్మకుమారిది గనక, నేను ఆ షిఫ్టుని తప్పు పట్టాను. ముగ్గురి మాటలూ నిజమే. మొక్క మాత్రం చస్తోంది.

పోలరాజు వచ్చి చూసి తల పంకించాడు. "షట్‌డౌన్ తీసుకోండి. మెషిన్ చెడిపోతే నడపకూడదు. ఎవులూ దాన్ని ముట్టద్దు. నీల్లు లేవు, మాటల్లేవు, ఏటీ నేదు." కుండీ కింద ఇటుకలు పెట్టి, నీరంతా కారిపోనిచ్చాం. రోజులు గడుస్తున్నాయి, మూడో ఆకు కూడా వాడుతోంది.

ఇదంతా జరుగుతుంటే ఆదిబాబు ఎక్కడున్నాడని మీరు అడగలేదు. ఎవరూ అడగరు. మొక్కవల్ల కలిగిన లాభాల్లో అన్నిటికంటే పెద్దది అదే.

అంతకు ముందు అతను డ్యూటీ దిగి, సైకిలు మీద ఖర్కాయి నది వంతెన దాటి, ఇంటికి రాగానే తిన్నగా ముందు గదిలోకొచ్చి ఫ్యాను కింద కూలబడేవాడు. తల, కనుబొమ్మలు, చెవుల మడతలు అన్నీ నల్లటి ఇసుక ధూళి. మొక్క వచ్చాక అది కుదరదు కదా! మేమ్‌సాబ్ దుమ్ము బొత్తిగా తగలకూడదన్నారు. మా ఇంటికి దుమ్ము ఎక్కడినుంచి వస్తుంది? ఆదిబాబుతోనే వస్తుంది. అందుకని పద్మకుమారే అతనితో చెప్పింది. ఇంటి గేటు బయటే చొక్కా విప్పి, వీధి కుళాయి దగ్గర కడుక్కుని, వరండాలోనే కూర్చోవాలి. వరండాలోనే తినాలి, అక్కడే పడుకోవాలి. ముందు గది గుమ్మం దాటకూడదు.

"టీకే దీదీ," సరేనక్కా అని అన్నాడు ఆదిబాబు. చొక్కా విప్పుకుంటూ కుళాయి వైపు నడిచాడు.

డ్యూటీనుంచి రాగానే మాత్రం గుమ్మం బయట నిలబడి మొక్కని పలకరించేవాడు. దాన్ని మేడమ్ అనేవాడు. "కైసీ హో మేడమ్? జల్దీ బడీ హో జావో. మేరా భీ కుఛ్ కరో!" తొందరగా పెద్దదానివై నా సంగతి కూడా చూడు అని. మా అమ్మ పెరట్లోంచి, "తెలుగులో మాటాడరా, దానికి తెలుగే బాగా అలవాటైనాది!" అని అరిచేది.

షట్‌డౌన్ రోజుల్లో ఒక సాయంత్రం పద్మకుమారి మొక్క ముందు కూర్చుని ఏడ్చింది. ఆదిబాబు అప్పుడే వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు.

"ఏడవకక్కా. పోతే పోనీ. సెట్టే గదా."

"అది పోతే నువ్వేం చేస్తావురా?"

"నాకేటి? ఇసక నాకలవాటైపోనాది."

ఆ తర్వాత దగ్గొచ్చింది. గుమ్మం పట్టుకుని, వంగి, చాలాసేపు దగ్గాడు. పద్మకుమారి లేచి అతని దగ్గరికి వెళ్లబోయి, మధ్యలో ఆగి, వీధివైపు కిటికీ తలుపు మూసింది. మొక్కకి దుమ్ము తగులుతుందని. వ్యంగ్యం రాసేవాడు ఇలాంటివి రాయకూడదు, నాకు తెలుసు. ఒక్క పేరా క్షమించండి.

మొక్క బతికింది! పసుపుపచ్చ ఆకులు రాలిపోయాయి, మట్టి ఆరింది, వాన మబ్బులు పట్టే వేళకి కొత్త ఆకు చుట్టవిప్పుకుని చేటంత అయింది. దానికి కూడా చీలికలొచ్చాయి. మా అమ్మ వీధి వీధంతా తిరిగి, "మా సెట్టుకి కొత్తాకు సిరిగినాది!" అని చెప్పుకుంది. పోలరాజు మిఠాయి తెచ్చాడు. ఆ రోజు వరండాలో ఆదిబాబు మంచం చుట్టూ చేరి అందరం తిన్నాం. గేటు దగ్గర కుర్చీలో కూర్చుంటే ఎంత బాగుంటుందో అతను చెప్పాడు. వచ్చేవాళ్లని ఆపి టోకెన్ అడుగుతాడట. "సాబుని కూడా అడుగుతావేటిరా?" అంది అమ్మ. "పహలే సాబునే అడుగుతాను!" అన్నాడు.

సాబూ మేమ్‌సాబూ సిమ్లానుంచి వచ్చిన మర్నాడే కారులో మా ఇంటికి వచ్చారు. మొక్క కిటికీ పక్కన నిగనిగలాడుతూ నిలబడి ఉంది. పొద్దున్నే పద్మకుమారి ఒక్కొక్క ఆకునీ ఆముదం చుక్క రాసి మరీ తుడిచింది. మేమ్‌సాబ్ ముఖం వికసించింది. "వండర్‌ఫుల్!" అన్నారు. ఆకులు ఒక్కొక్కటీ పట్టుకుని చూస్తూ చూస్తూ, ఒక ఆకు దగ్గర ఆగిపోయారు.

ఆ ఆకు అంచున గోరంత మేర గోధుమ రంగు ఉంది.

"ఓ మై గాడ్," అన్నారు మేమ్‌సాబ్.

సాబు వంగారు. కళ్లజోడు పెట్టుకున్నారు. ఆకు వెనక్కి తిప్పి చూశారు, వేలితో తడిమారు. మా సాబుని చాలా ఏళ్లుగా ఎరుగుదును గానీ, ఆయన దేన్నైనా అంత శ్రద్ధగా చూడడం అప్పుడే చూశాను.

"డస్ట్," అన్నారు. "యహాఁ కీ హవా మే డస్ట్ హై. బేచారా సాఁస్ నహీ లే పా రహా."

ఇక్కడి గాలిలో దుమ్ముంది. పాపం, దీనికి ఊపిరాడటం లేదు! ఒక్క చూపుకే కనిపెట్టారు. డాక్టరు అక్కర్లేకపోయింది. బీడీలు తాగుతోందా అని ఎవరూ అడగలేదు. ఈ గాలి దీనికి పడదు, ఇక్కడుంటే బతకదు, రాంచీలో మా చెల్లెలి బంగళా ఉంది, అక్కడ గాలి మంచిది, రేపే కారులో పంపించేద్దాం అని సాబు అక్కడే నిర్ణయించేశారు. మా ఫౌండ్రీలో ఏ నిర్ణయమూ అంత త్వరగా జరగడం నేను ఎరగను.

కుండీ బరువు. మోయడానికి ఆదిబాబుని పిలిచాను. రెండు నెలల తర్వాత అతను ఆ గుమ్మం దాటడం అదే. కుండీని పొట్టకి ఆనించి, ఆకులు గోడకి తగలకుండా, పక్కకి తిరిగి నడుస్తూ కారుదాకా తీసుకెళ్లి వెనక సీట్లో కూర్చోబెట్టాడు. తల బయటికి పెట్టగానే దగ్గొచ్చింది.

"అరే! ప్లాంట్ పే మత్ ఖాఁసో!" మొక్క మీద దగ్గకు అని మేమ్‌సాబ్ గబగబా ఆకులకి చీర కొంగు అడ్డం పెట్టారు.

ఇదే సమయం అనుకున్నాను. "సార్, ఇతనే మా ఆదిబాబు. గేటు పని గురించి మనవి చేశాను. మీరు తిరిగొచ్చాక చూద్దామన్నారు."

సాబు చూశారు. కళ్లజోడు జేబులో ఉంది, తియ్యలేదు.

"ఇస్కో ఖాఁసీ హై?"

"అవును సార్, దగ్గే. ఆ షెడ్డులో పని వల్ల..."

"గేట్ పర్ బాహర్ కే లోగ్ ఆతే హైఁ, గణపతిరావ్. పార్టీ లోగ్, బ్యాంక్‌వాలే. వహాఁ తందురుస్త్ ఆద్మీ చాహియే. పహలే ఖాఁసీ ఠీక్ హోనే దో. ఫిర్ దేఖేంగే."

కారు అద్దాలు పైకెత్తుకుని వెళ్లిపోయింది. మా వీధిలో దుమ్ము ఎక్కువ కదా.

"ఏటన్నాడ్రా సాబు?" అంది అమ్మ.

గేటు దగ్గరికి బయటివాళ్లు వస్తారు గనక అక్కడ ఆరోగ్యంగా ఉన్నవాడే కావాలన్నాడమ్మా, ఆదిబాబుకి దగ్గు తగ్గాక చూద్దామన్నాడు, అప్పటిదాకా ఇప్పుడున్న పనిలోనే ఉండాలి, అని విడమరిచి చెప్పాను.

"ఇసక మానకుండా దగ్గెలాగ తగ్గుతాదిరా?"

మా అమ్మ చదువుకోలేదు. ఆవిడకి మేనేజ్‌మెంట్ అర్థం కాదు.

ఆదిబాబు ముందు గదిలోకి వెళ్లి, మొక్క ఉన్నచోట ఖాళీగా ఉన్న నేల చూసి, బయటికొచ్చాడు. "బావా, మంచం లోపలేసుకోండి. నాను వరండాలోనే ఉంటాను, అలవాటైపోనాది," అన్నాడు. పద్మకుమారి అతన్ని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లింది. మర్నాడు పొద్దుటి ఏ షిఫ్టు భోంపూకి అతను సైకిలెక్కి గమ్హరియా వెళ్లాడు. అదే ఉదయం మొక్క కారెక్కి రాంచీ వెళ్లింది. అక్కడ బాగుందట. మేమ్‌సాబ్ ఆఫీసుకి ఫోన్ చేసి నాకు ప్రత్యేకంగా చెప్పారు.

కాబట్టి అయ్యా, అమ్మా, మొక్కల్ని ప్రేమించే పెద్దలారా! వచ్చే ఎండాకాలం మీరు కొండలకి వెళ్లేటప్పుడు మీ బంగళాలోని మొక్కని నిశ్చింతగా మా ఇంటికి పంపించండి. ఎంత పెద్దదైనా పరవాలేదు. ఫ్యాను ఆపేస్తాం, మంచం తీసేస్తాం, మా అమ్మ పెరట్లోనే చుట్ట కాల్చుకుంటుంది. బదులుగా ఒక్కటే అడుగుతున్నాను. మీరు ఊళ్లో ఉన్నప్పుడు, మా ఆదిబాబుని కొన్నాళ్లు మీ కిటికీ పక్కన కూర్చోబెట్టుకోండి.

అతనికి నియమాలేం లేవు. ఎండ తగిలినా ఏం కాదు. నీళ్లు తనే తాగుతాడు. ఎవరూ తుడవక్కర్లేదు. ప్రేమగా మాట్లాడితే సంతోషిస్తాడు, మాట్లాడకపోయినా మీ గురించి చెడ్డగా అనుకోడు. వీలుంటే ఒక్కసారి కళ్లజోడు పెట్టుకుని వంగి చూడండి. పాపం ఊపిరాడటం లేదు, ఈ గాలి ఇతనికి పడదు అని ఒక్క మాట, మొక్కతో అన్నట్టే, అనండి.

కారు మాత్రం పంపించకండి. రాంచీకి బస్సుంది, అతన్ని మేమే ఎక్కిస్తాం.